రాయడం, రాసుకోవడం

మా అత్తగారు ఉల్కాన్‌తో పక్కింటి బురుల్చా దాదాపు ఇరవై ఏళ్ళు మాట్లాడలేదు. తిట్టడానికి తప్ప నోరు విప్పలేదనడం సరైన మాట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆ పగ బాగా ముదిరిపోయి ఉంది. కాలువ దగ్గర ఇద్దరూ ఎదురుపడితే బురుల్చా బకెట్ ఎత్తుకుని ఎగువకు వెళ్ళిపోయేది. మా అత్తగారు తలవంచుకుని, ఆమె నీళ్ళు ముంచుకుని వెళ్ళేదాకా ఆగేది.

సంగతేమిటని మా ఆయన్ని అడిగాను.

“మా అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆవిడ చేసుకోలేదు. అంతే,” అన్నాడు.

అంతే కాదని నాకు పందొమ్మిది వందల యాభై ఏడులో తెలిసింది. ఇద్దరి నోటా విన్నాను కనుక మొదటినుంచీ చెబుతాను.

వాళ్ళిద్దరి భర్తలనూ ఒకే రోజు పట్టుకుపోయారు. ముప్పై ఏడులో, బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో. బురుల్చా భర్త తులోబెర్ది బడిపంతులు. ఊళ్ళో ఆడవాళ్ళలో సగం మందికి అక్షరాలు దిద్దించినవాడు అతడే. బురుల్చా కూడా అతడి దగ్గరే నేర్చుకుంది, పెళ్ళయ్యాక. మా అత్తగారి మొదటి భర్త సోరోన్‌బాయ్ పశువుల డాక్టరు. ఆ వేసవిలో ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం గుర్రాలు రోగం తగిలి చచ్చిపోయాయి. విషం పెట్టావన్నారు. తులోబెర్ది ఇంట్లో పెట్టె అడుగున తాతలనాటి అరబ్బీ లిపి పుస్తకం దొరికింది. గూఢచారివన్నారు.

లారీ నేరుగా పొలంలోకి వచ్చింది. తులోబెర్ది బడిపిల్లలతో కలిసి దుంపలు ఏరుతున్నాడు. చేతులకంటిన మట్టి దులుపుకుని భార్యతో, “సాయంత్రానికి వచ్చేస్తాలే. ఆ బస్తాలు తడవనీకు,” అన్నాడు. సోరోన్‌బాయ్ ఏమీ అనలేదు. అతడు ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఆ చలికాలమంతా ఆడవాళ్ళిద్దరూ కలిసే కరకోల్ పట్నం వెళ్ళేవారు. జైలు గోడ పక్కన బారులు తీరిన ఆడవాళ్ళలో నిలబడి, ఉన్ని మేజోళ్ళు, ఎండు పెరుగు ఉండలు, వేయించిన బార్లీ పిండి మూటలు కట్టి కిటికీలోంచి అందించేవారు. మూట తీసుకున్నారంటే మనిషి లోపలున్నట్టే. అదొక్కటే వాళ్ళకు తెలిసిన లెక్క. దారిలో ఒకే దుప్పటి కప్పుకుని, ఒకరి చేతులు ఒకరు రాసుకుంటూ కూర్చునేవారట. మా అత్తగారు నాలుగేళ్ళు పెద్ద. బురుల్చా ఆమెను “ఎజే” అనే పిలిచేది, సొంత అక్కను పిలిచినట్టు.

ఫిబ్రవరి చివర్లో మూటలు తీసుకోవడం మానేశారు. ఫలానా రోజు రండి, శిక్ష చదివి వినిపిస్తామన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో రోజు చెప్పారు.

బురుల్చా తన అత్త కాలిపాను వెంటబెట్టుకుని వెళ్ళింది. కాలిపాకు చదువు రాదు కానీ నోరు మాత్రం కత్తి. కిటికీ వెనక రష్యన్ అధికారి, పక్కన దుబాసీగా దియికాన్ అనే కుర్రవాడు. వాడు తులోబెర్ది దగ్గరే చదువుకున్నాడు. ముసలమ్మను చూడగానే వాడి చెవులు ఎర్రబడ్డాయని బురుల్చా చెప్పేది.

అధికారి కాగితం చూసి గబగబా చదివాడు. దియికాన్ తల ఎత్తకుండా మా భాషలో చెప్పాడు.

“పదేళ్ళు. దూరపు శిబిరాలు. ఉత్తరాలు రాసుకునే హక్కు లేదు.”

“ఏమన్నావ్ నాయనా? ఆఖరిది మళ్ళీ చెప్పు,” అంది కాలిపా.

“ఉత్తరాలు రాసుకునే హక్కు లేదు, అపా,” అన్నాడు వాడు, తల్లి వయసు ఆడవాళ్ళను పిలిచే మాటతో.

“రాసే హక్కా, రాసుకునే హక్కా?”

దియికాన్ ఒకసారి అధికారి వైపు చూశాడు. ఏమడుగుతోందీ ముసలిది అన్నట్టు అతడు గద్దించాడు. కుర్రవాడు ఏదో సర్దిచెప్పి, కిటికీ చువ్వల వైపు ముఖం పెట్టి, “రాసుకునేదే, అపా. రష్యన్‌లో మాట అలాగే ఉంది. ఇక వెళ్ళండి,” అన్నాడు.

మా భాషలో ‘జజూ’ అంటే రాయడం. ‘జజిషూ’ అంటే ఒకరికొకరు రాసుకోవడం. మధ్యలో ఉన్నది చిన్న అక్షరం. ఆ అక్షరాన్ని పట్టుకుని కాలిపా ఇంటిదాకా వచ్చింది.

బురుల్చా దారంతా ఏడుస్తూనే ఉంది. గుర్రపుబండి మంచులో జారుతూ పోతుంటే కాలిపా ఉన్నట్టుండి కోడలి మోకాలి మీద చరిచింది.

“ఎందుకే ఏడుపు? వాడేమన్నాడో విన్నావా అసలు?”

“విన్నాను. ఉత్తరాలు వద్దన్నారుగా.”

“మాస్టారి పెళ్ళానివి, నీకా నేను చెప్పేది? కొట్టడం వేరు, కొట్టుకోవడం వేరు. మీ మామ నన్ను ఎన్నిసార్లు కొట్టాడో ఊరందరికీ తెలుసు. మేమిద్దరం ఎప్పుడైనా కొట్టుకున్నామా? నేను చెయ్యెత్తితేగా! అలాగే ఇది. వాడు నీకు రాసి, నువ్వు వాడికి రాస్తే అది రాసుకోవడం. అది వద్దన్నారు. నువ్వొక్కదానివే రాస్తే అది రాసుకోవడం ఎలా అవుద్ది?”

బురుల్చా కళ్ళు తుడుచుకుంది. బండివాడు కూడా వెనక్కి తిరిగి, “ముసలమ్మ చెప్పింది నిజమే,” అన్నాడట.

“వాడు రాయకూడదు. మనం రాయొచ్చు. ఇంటికెళ్ళగానే కాగితం తియ్యి,” అంది కాలిపా.

ఆ వారంలోనే మొదటి ఉత్తరం రాశారు. కాలిపా చెబుతుంటే బురుల్చా రాసేది, మధ్యలో తన మాటలు రెండు కలిపేది. ఎక్కడికి పంపాలో తెలియదు. తపాలా ఆఫీసులో మనిషి, చిరునామా లేకుండా కుదరదన్నాడు. “మాస్కోలో శిబిరాలకి పెద్దాఫీసు ఉంటుందిగా, దానికి పంపు. ఎక్కడున్నాడో వాళ్ళకి తెలుసు,” అంది కాలిపా. అలాగే రాసి బిళ్ళ అంటించారు. ఉత్తరం వెళ్ళింది. తిరిగి రాలేదు.

“చూశావా?” అంది కాలిపా. “తీసుకునేవాడు లేకపోతే వెనక్కొచ్చేది.”

మా అత్తగారు కరకోల్ వెళ్ళింది ఆ మరుసటి వారం. ఒక్కతే వెళ్ళింది. చీకటి పడుతుండగా తిరిగొచ్చి, వాకిట్లో గుర్రం పగ్గాలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. బురుల్చా, కాలిపా పరుగున వచ్చారు.

“ఏమన్నారు ఎజే?”

“పదేళ్ళు.”

“ఉత్తరాల సంగతి?”

మా అత్తగారు ఇద్దరి ముఖాలూ చూసింది. “ఉత్తరాలు రాయడానికి వీల్లేదన్నారు,” అంది.

“రాయడానికా? రాసుకోవడానికి కాదూ?” అని కాలిపా గుచ్చిగుచ్చి అడిగింది.

“రాయడానికి.”

కాలిపా నాలుక చప్పరించింది. “అయ్యో తల్లీ, మీవాడికి పెద్ద శిక్షే పడింది. మావాడిది కాస్త నయం,” అంటూ మా అత్తగారి వీపు నిమిరింది. మా అత్తగారు ఆ చెయ్యి తోసేయలేదు. లోపలికి వెళ్ళి పిల్లలకు జావ కాచింది.

మంచు కరిగేసరికి ఊరంతా చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఉల్కాన్ గ్రామ సోవియట్‌కు వెళ్ళి, ‘ప్రజాశత్రువైన భర్తతో నాకు సంబంధం లేదు’ అని సంతకం చేసి వచ్చింది. ఆ వేసవిలోనే భార్య పోయిన కమ్మరి చెకిర్‌ను పెళ్ళి చేసుకుంది. ముగ్గురు పిల్లలకూ అతడి ఇంటిపేరు రాయించింది. ఆ పిల్లల్లో పెద్దవాడే మా ఆయన.

బురుల్చాకు అది గుండెల్లో దిగింది. ఇద్దరూ ఒకే రోజు భర్తలను పోగొట్టుకున్నారు, ఒకే దుప్పట్లో ముడుచుకుని జైలుకు తిరిగారు. ఇప్పుడు ఈవిడ కమ్మరి కొలిమి దగ్గర వెచ్చగా కూర్చుంది. కాలువ దగ్గర అందరూ వింటుండగా అడిగేసింది.

“మొగుడికి ఉత్తరం రాసే దారి లేకపోతే ఇంకో మొగుణ్ణి తెచ్చుకుంటారా? మొదటివాడు తిరిగొస్తే ఏ గుమ్మంలో కూర్చోబెడతావ్?”

మా అత్తగారు బకెట్ నింపుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి బురుల్చా నోట ఎజే అన్న మాట పోయింది.

బురుల్చా సంతకం చేయనంది. బడి పక్కనున్న పంతులు ఇల్లు ఖాళీ చేయించారు. అత్త, కోడలు, కూతురు అనీపా ముగ్గురూ మా అత్తగారింటి పక్కనున్న పాత గొర్రెల కొట్టంలోకి మారారు. పొలంలో బరువు పనులన్నీ శత్రువు పెళ్ళానికే. అయినా నెలకొక ఉత్తరం మాత్రం తప్పలేదు. ఆవు ఈనిందని, పైకప్పు కారుతోందని, అనీపాకు ముందు పళ్ళు ఊడాయని. యుద్ధానికి ముందు అక్షరాలే మార్చేశారు. లాటిన్ లిపి తీసేసి రష్యన్ లిపి పెట్టారు. బురుల్చా కంగారుపడింది.

“కొత్త అక్షరాల్లో రాస్తే ఆయనకి అర్థమవుద్దా అత్తా? ఆయన పోయాక వచ్చినవి కదా ఇవి.”

“వాడు మాస్టారే! అక్షరాలకి వాడు భయపడాలా, వాడికి అక్షరాలు భయపడాలా?” అంది కాలిపా. పలక పట్టుకుని వచ్చే కూతురి దగ్గర బురుల్చా మళ్ళీ మొదటినుంచి ఓనమాలు దిద్దుకుంది.

యుద్ధం వచ్చింది. మగవాళ్ళందరితో పాటు చెకిర్ కూడా వెళ్ళాడు. మా సరస్సు ఒడ్డు పొలాల్లో గసగసాలు వేశారు, సైనికుల ఆసుపత్రులకు నల్లమందు కావాలని. రేకులు రాలాక సాయంత్రం కాయలకు గాట్లు పెట్టాలి, తెల్లవారి వాటినుంచి ఊరిన పాలు గీకి డబ్బాలోకి తీయాలి. ఆ వాసనకు తల దిమ్మెక్కిపోయేది. నాలుగో తరగతి దాటాక శత్రువు కూతురికి పట్నం బడిలో చోటు లేదన్నారు. అనీపా కూడా తల్లితో పాటు గసాల తోటలోకే వచ్చింది. ఎప్పుడూ తలనొప్పి అనేది. తిండి లేదు. గోధుమ ఒక్క గింజ మిగలకుండా సైన్యానికి పోయేది.

అప్పుడొకసారి మా అత్తగారు ఆ కొట్టం గుమ్మంలోకి వెళ్ళింది. చేతిలో రొట్టె ముక్క కూడా పట్టుకెళ్ళలేదు, లంచం అనుకుంటుందేమోనని.

“పిల్లని నాకివ్వు బురుల్చా. చెకిర్ పేరు మీద రాయిస్తాను. కరకోల్ హాస్టల్ బడిలో చేర్చుకుంటారు. సైనికుల పిల్లలకి అక్కడ పూటపూటా తిండి పెడుతున్నారు. యుద్ధమయ్యాక నీ పిల్లని నువ్వే తెచ్చుకో.”

“తండ్రి బతికుండగా తండ్రిని మార్చమంటావా?” అంది బురుల్చా. “నువ్వు మొగుణ్ణి మార్చినంత తేలికనుకున్నావా?”

“బురుల్చా...”

“రేపు ఆయనొచ్చి నా పేరెక్కడుంది దీని వెనకాల అని అడిగితే ఏం చెప్పమంటావ్?”

మా అత్తగారు ఏదో అనబోయింది. కొట్టంలో ఒక మూల కూర్చున్న కాలిపా, “ఉత్తరంలో రాయి కోడలా, ఎవరెవరు ఏమేం అడుగుతున్నారో,” అంది. మా అత్తగారు వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆ తర్వాత చెకిర్ చనిపోయినట్టు కబురొచ్చింది. నల్ల కాగితం అనేవాళ్ళం దాన్ని. మా అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని, మా ఆడవాళ్ళు భర్త పోతే పాడే ఏడుపు పాట ఎత్తుకుంది. పగలూ రాత్రీ ఏడ్చింది. గోళ్ళతో బుగ్గలు రక్కుకుంది. పట్టుకుని ఆపడానికి వచ్చినవాళ్ళ శక్తి చాలలేదట. బురుల్చా మాత్రం తన వాకిట్లోనే నిలబడి, “రెండోవాడికి ఇంత ఏడుస్తోంది. మొదటివాడికి కంట చుక్క రాలలేదు,” అంది.

నలభై నాలుగు మొదట్లో విషజ్వరం వచ్చింది. అనీపా పోయింది. పన్నెండేళ్ళ పిల్ల. నేల గడ్డకట్టి ఉంటే గడ్డపారలతో తవ్వి పూడ్చారు.

ఆ నెల ఉత్తరం రాయడానికి బురుల్చా కలం పట్టుకుని కూర్చుంది. చెయ్యి కదల్లేదు. కాలిపా పక్కన చతికిలబడింది.

“రాయకు,” అంది.

“రాయకుండా ఎలా అత్తా?”

“అక్కడ వాడొక్కడే ఉంటాడు. ఎవరున్నారు పట్టుకోడానికి? చదివి గుండె పగిలి చస్తాడు. వచ్చాక మనమే చెబుదాం.”

దాంతో ఆ ఉత్తరంలో అనీపాకు జ్వరం తగ్గిందని రాశారు. తర్వాతి ఉత్తరంలో అనీపా ఐదో తరగతిలో చేరింది. ఆ తర్వాత అనీపాకు జడ నడుం దాకా వచ్చింది. అనీపా పదిహేనేళ్ళదైంది, నీ ముక్కే వచ్చింది, పిల్లనడగడానికి మనుషులొస్తున్నారు, నువ్వొచ్చేదాకా ఎవరికీ మాటివ్వం. ఎదురు ప్రశ్న వేసేవారు లేరు కనుక పిల్ల ఉత్తరాల్లో పెరుగుతూనే ఉంది. రాసి రాసి బురుల్చాకు కొన్ని రోజులు అదే నిజమనిపించేదట. నాతో ఈ మాట చెప్పినప్పుడు ఆమె నా ముఖంలోకి చూడలేదు. కుండలో కవ్వం తిప్పుతూ చెప్పింది.

పదేళ్ళు నిండాయి. అత్తాకోడళ్ళు కరకోల్ వెళ్ళి అదే కిటికీ ముందు నిలబడ్డారు. దియికాన్ లేడు. అతడినీ ముప్పై ఎనిమిది వేసవిలోనే తీసుకుపోయారు. కొత్త మనిషి లోపలికి వెళ్ళి వచ్చి, శిక్ష ఇంకో పదేళ్ళు పొడిగించారన్నాడు.

“ఉత్తరాల మాటేంటి?” అంది కాలిపా.

“మామూలే. రాసుకునే హక్కు లేదు.”

“మేం రాయొచ్చుగా?”

అతడు ముసలమ్మను వింతగా చూసి, “మీ ఇష్టం,” అన్నాడు.

“విన్నావా? మన ఇష్టమట,” అని కాలిపా నవ్వుకుంటూ బయటకొచ్చింది. ఆ చలికాలం ఆమె లేవలేదు. పోయేముందు కూడా ఉత్తరమే చెప్పి రాయించింది. ఆవు పాలు తగ్గించిందని, దూడను అమ్మవద్దని. తన జబ్బు సంగతి రాయనివ్వలేదు.

నేను కాపురానికి వచ్చింది యాభై ఐదులో. కరకోల్‌లో ఉపాధ్యాయ శిక్షణ చదివాను. రష్యన్ బాగా వచ్చు. ఊళ్ళో ఎవరికి సర్కారు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు.

యాభై ఏడు శరత్కాలంలో ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి బురుల్చా వచ్చింది. నేను చేతిలో పిండి ముద్ద వదిలేసి లేచి నిలబడ్డాను. మా అత్తగారు కిటికీ దగ్గర ఉన్ని ఏకుతోంది, మా ఆయన భోజనానికి వచ్చి కూర్చున్నాడు. బురుల్చా ఆమె వైపు చూడలేదు.

“నీతో పని పడిందమ్మాయ్. ఇది చదువు,” అని నాకు రెండు కాగితాలు అందించింది.

మొదటిది కోర్టు కాగితం. తులోబెర్ది మీద పెట్టిన కేసు కొట్టేశారు, నేరమేమీ లేదు. రెండోది మరణ ధ్రువపత్రం. నలభై రెండు, మార్చి. ఊపిరితిత్తుల వాపు. చనిపోయిన చోటు అన్న గడిలో గీత గీసి ఉంది.

నేను నెమ్మదిగా మా భాషలోకి మార్చి చెప్పాను. బురుల్చా నిలబడే విన్నది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నలభై రెండా?” అంది. “అయితే పిల్ల సంగతి తెలియకుండానే పోయాడు. అదొక మేలు,” అంది.

మా అత్తగారి చేతిలో ఉన్ని ఆగిపోయింది.

మాకూ అలాంటి కాగితాలే అంతకుముందు వారం వచ్చాయి. సోరోన్‌బాయ్ నిర్దోషి. గుండెజబ్బుతో నలభై మూడులో చనిపోయాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. బురుల్చా అప్పుడు మొదటిసారి మా అత్తగారి వైపు తిరిగింది.

“నీవాడు నలభై మూడు దాకా ఉన్నాడటగా. ఐదేళ్ళు. ఐదేళ్ళు ఆగలేకపోయావ్ నువ్వు. అక్కడ వాడు చలిలో గడ్డకట్టి చస్తుంటే నువ్విక్కడ ఇంకొకడి పక్కన పడుకున్నావ్.”

మా ఆయన ఆ మాటకు లేచాడు. మా అత్తగారు చెయ్యెత్తి అతణ్ణి ఆపింది. ఉన్ని పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

“వాళ్ళిద్దరూ ఆ చలికాలం దాటలేదు బురుల్చా.”

“ఏ చలికాలం?”

“మనం మూటలు పట్టుకుని తిరిగిన చలికాలం. మనకి శిక్ష చదివేనాటికే వాళ్ళు లేరు.”

“కాగితంలో రాసుంది కదా!”

“కాగితంలో రాసింది కూడా ఆ ఉత్తరాల మాటలాంటి అబద్ధమే. నేను కిటికీ దగ్గరికెళ్ళిన రోజు ఆ రష్యన్ వాడికి లోపల ఫోనొచ్చింది. లేచెళ్ళాడు. దియికాన్ చువ్వల దాకా వంగి, పిల్లలెంతమంది ఎజే అన్నాడు. ముగ్గురన్నాను. వాళ్ళని చూసుకో, ఎదురుచూడకు అన్నాడు. ఉత్తరాలు రాసుకునే హక్కు లేదని ఎవరి కాగితంలో ఉంటే వాళ్ళని కాల్చేసినట్టే ఎజే, అది ఉత్తరాల మాట కాదు అన్నాడు. వాడి పళ్ళు కటకటా కొట్టుకుంటున్నాయి.”

పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగుతున్నాయి, దింపాలని నాకు తోచలేదు.

“నాకెందుకు చెప్పలేదు వాడు?” అంది బురుల్చా.

“నీ పక్కన మీ అత్త ఉంది. ఆ రష్యన్ వాడూ ఉన్నాడు. ఎలా చెబుతాడు?”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“బయట పొక్కితే తననీ నన్నూ ఇద్దర్నీ తీసుకుపోతారన్నాడు. వాణ్ణి తీసుకుపోయారు కూడా. అందుకే నీతో రాయడానికి వీల్లేదన్నారని చెప్పాను. నువ్వూ ఆశ వదులుకుంటావనుకున్నా. మీ అత్త దాన్ని ఇంకోలా పట్టుకుంది. నెలనెలా మీరు ఉత్తరం పట్టుకుని పోతుంటే చూస్తూ కూర్చున్నా. ఆ ముసలిదానికి ఆ ఉత్తరాలే కూడు. ఎలా లాక్కునేది? చెకిర్ పోయినప్పుడు... ఊరంతా చూసిందిగా నన్ను. నువ్వూ ఏదో అన్నావట. ఆ రోజు నేనేడ్చింది ఇద్దరికీ. సోరోన్‌బాయ్ కోసం ఏడవడానికి నాకు దొరికింది ఆ రోజే.”

బురుల్చా గోడకు చేరగిలబడింది. తను రాసిన ఉత్తరాలు ఎవరికి చేరాయని గానీ, ఎవరు చదివారని గానీ ఆమె అడగలేదు. అడిగింది మరొకటి.

“పిల్లని అడగడానికొచ్చావే, ఆ రోజు. అప్పుడు తెలుసు నీకు.”

“తెలుసు.”

“ఆ రోజు చెప్పుంటే పిల్లని ఇచ్చేసేదాన్ని. ఇచ్చేదాన్నా కాదా?”

“ఇచ్చేదానివి.”

“మరి?”

“నోటిదాకా వచ్చింది. నువ్వు కోపంలో ఉన్నావ్. ఎవరి దగ్గరైనా అరిచేస్తావని భయపడ్డా. నా ముగ్గురూ ఇంట్లో ఉన్నారు. నా ముగ్గురి కోసం నీ ఒక్కదాన్ని వదిలేశా. ఇంకేం చెప్పను?”

బురుల్చా ఆమెను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తిట్టనూ లేదు. కాగితాలు మడిచి రొమ్ములో దోపుకుని, గుమ్మం దాటేటప్పుడు తూలింది. నేను పట్టుకోబోతే, “వదులు,” అని వెళ్ళిపోయింది.

మూడు నాలుగు రోజులు ఆమె ఇంట్లోంచి పొగ రాలేదు. తర్వాత ఒక ఉదయం చూస్తే వాకిట్లో మనుషులు చేరి గుడారం నిలబెడుతున్నారు. మా సంప్రదాయం అది. మనిషి పోతే ఇంట్లో కాదు, గుడారంలో ఏడవాలి. ఇరవై ఏళ్ళుగా ఆమె లెక్కలో అతడు బతికే ఉన్నాడు కనుక ఆమె భర్త కోసం ఒక్కరోజూ అలా కూర్చోలేదు. ఉన్న ఒక్క గొర్రెనూ కోయించింది. ఖురాన్ వచ్చిన ముసలాయన ఒకాయనను పిలిపించారు. పార్టీ మనిషి ఆ రోజు పనుందని పక్క ఊరెళ్ళాడు, తెలిసీ తెలియనట్టు.

మాకు పిలుపు రాలేదు. అయినా మా అత్తగారు తెల్లని తలగుడ్డ కట్టుకుని బయల్దేరింది. నేను వెంట వెళ్ళాను. గుడారంలో బురుల్చా గోడవైపు తిరిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మా అత్తగారు వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుంది. బురుల్చా తల తిప్పి చూసి, మళ్ళీ గోడవైపు తిరిగింది.

ముందు భర్త కోసం పాడింది. దుంపల పొలంలో మట్టిచేతులతో వెళ్ళినవాడా అని మొదలుపెట్టింది. బయట మగవాళ్ళు బావురుమంటూ వస్తున్నారు. తర్వాత అత్త కోసం పాడింది. ఆ తర్వాత గొంతు మారింది. అనీపా పేరు వచ్చింది. జడ నడుం దాకా పెరగకుండానే పోయిన తల్లీ, ఐదో తరగతి చదవని తల్లీ అంటుంటే, ఉత్తరాల్లో తాను బతికించినదాన్నంతా ఒక్కొక్కటిగా చంపుతున్నట్టు అనిపించింది నాకు.

ఆ పేరు వినగానే మా అత్తగారు లేచింది, వెళ్ళిపోదామని. బురుల్చా పాట ఆపకుండా, వెనక్కి తిరగకుండా, “కూర్చో,” అంది. మా అత్తగారు కూర్చుంది. పాట ముగిసేదాకా తల వంచుకునే ఉంది. తనకూ ఏడుపు వచ్చింది కానీ గొంతు బయటకు రానివ్వలేదు. అది తన పిల్ల కాదు.

తొంభై ఒకటిలో ఆ పాత దస్త్రాలు చూడనిచ్చారు. నేను వెళ్ళి అడిగాను. ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో ఉన్నాయి. ముప్పై ఎనిమిది ఫిబ్రవరి, ఒకే రోజు. ఎక్కడ పూడ్చారో రాయలేదు. అప్పటికి ఇద్దరు ఆడవాళ్ళూ లేరు.

గుడారంలో కూర్చున్న ఆ రోజు తర్వాత వాళ్ళు కలిసిపోయారని చెప్పలేను. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడితే పలకరించుకునేవారు. బురుల్చా మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ చేయి కడుక్కుని భోజనానికి కూర్చోలేదు. ఆమె ఆవు పోయాక మా అత్తగారు రోజూ నా చేత పాలు పంపేది. బురుల్చా గుమ్మంలోనే అందుకుని, పాలు తన గిన్నెలో ఒంపుకుని, క్యాను శుభ్రంగా కడిగి తిరిగిచ్చేది. మా అత్తగారికి ఏమైనా చెప్పమంటారా అని నేను ప్రతిసారీ అడిగేదాన్ని.

“ఏం లేదమ్మా, వెళ్ళు,” అనేది.